ఎండల్లో దొరసాని ప్రయాణం

సొలొమోను పోయిన కొన్ని నెలలకల్లా అతని సామాను ఒక్కొక్కటే ఇల్లు దాటిపోయింది. సైకిలు చర్చి కాపలాదారుకి ఇచ్చేశారు. గార్డు కోట్లు, టార్చిలైటు తోటి గార్డులు తీసుకున్నారు. అతని భార్య ఎలీసమ్మ చెల్లెలు కృపమ్మ రేడియో పట్టుకుపోయింది. చివరికి ఎలీసమ్మకి మిగిలింది ముందుగదిలో కిటికీ పక్కనున్న గాజుపెట్టె. ఎవరూ అడగని సామాను అదొక్కటే. ఆ పెట్టెలో మట్టి, మట్టి మీద బెరడు ముక్క, బెరడు కింద అరచేయంత సాలెపురుగు.

గోధుమరంగు ఒళ్ళు, మఖమలులాంటి నూగు, చిటికెన వేలంత కాళ్ళు. సొలొమోను కొత్తవలస దాటాక కొండల్లోకి ఎక్కే లైనులో కొన్నాళ్ళు గూడ్సు గార్డుగా పనిచేశాడు. ఒక వానాకాలం అది బండి చివర అతను కూచునే బ్రేకువానులోకి వచ్చి చేరింది. అప్పటికింకా రూపాయి బిళ్ళంతే ఉండేది. ఖరగ్‌పూర్‌కి బదిలీ అయి వస్తూ దాన్ని గాజు సీసాలో వెంట తెచ్చుకున్నాడు. బురదలో చీర తడవకుండా కుచ్చిళ్ళు ఎత్తి నడిచే ఆడమనిషిలా ఒక్కో కాలూ ఎత్తి ఎత్తి వేస్తుందని దానికి దొరసాని అని పేరు పెట్టాడు. అది పదేళ్ళ పైమాట.

ఎలీసమ్మకి ఆ పురుగంటే భయం లేదు. కోపం ఉండేది. సొలొమోను ఇంట్లో మాటలు తక్కువ మనిషి. అన్నం పెడితే తినేవాడు, బాగుందో లేదో చెప్పేవాడు కాదు. డ్యూటీ దిగి వచ్చి స్నానం చేశాక మాత్రం ఆ గాజుపెట్టె ముందు స్టూలు వేసుకుని కూచుని దానితో కబుర్లు చెప్పేవాడు. ఏ స్టేషనులో ఎంతసేపు ఆపారో, కొత్త కంట్రోలరు ఏమన్నాడో, వానలో బండి వెనక్కి నడిచి పట్టాల మీద పటాసులు ఎలా కట్టాడో, అన్నీ. వంటింట్లో అంట్లు తోముకుంటూ ఎలీసమ్మ పళ్ళు నూరుకునేది. కట్టుకున్న పెళ్ళానికి లేని మాటలు పురుగుకి ఎక్కడినుంచి వస్తున్నాయో ఆమెకి అర్థమయ్యేది కాదు. పిల్లలు లేని ఇల్లు. ఆ ఇంట్లో వినపడేది ఆ గొంతొక్కటే.

అతను పోయాక దానికి బొద్దింకలు వేసే పని ఆమెదైంది. ఎందుకు వేస్తున్నావని కృపమ్మ అడిగితే, ఆకలితో చావడం చూడలేనని చెప్పింది. అంతకుమించి తనకీ తెలియదు.

మే నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చేయాలి. కృపమ్మకి ఊళ్ళోనే ఝపటాపూర్‌లో రెండు గదుల ఇల్లుంది. అక్కని రమ్మని ఎప్పటినుంచో అంటోంది. కాని ఒకమాట ముందే చెప్పేసింది.

"అప్పా, నీ మంచం తెచ్చుకో, నీ పెట్టిలు తెచ్చుకో. నా ఇల్లు నీ ఇల్లే. ఆ పురుగు మాత్రం నా గడప దాటకూడదు."

ఎలీసమ్మ వాదించలేదు. ఏ చెట్టుకిందో వదిలేద్దామంటే చెప్పుదెబ్బకి చస్తుంది. చంపేద్దామంటే చేతులు రావు. అప్పుడు గుర్తొచ్చినవాడు ఆమోసు. కొండలైనులో సొలొమోనుతో కలిసి పనిచేసిన గార్డు, రిటైరయ్యాక భార్యతో అరకులోనే స్థిరపడ్డాడు. అటు వెళ్ళే గార్డుల చేత కబురు పెడితే వారం తిరక్కుండా జవాబు వచ్చింది. దొరసానిని పంపించమని, తన దగ్గర ఉంచుకుంటానని.

పంపించమనడం తేలికే. ఎలా పంపాలో తెలియక ఆమె స్టేషనుకి వెళ్ళి పార్సిల్ ఆఫీసులో గుమస్తా నూకరాజుని కలిసింది. సొలొమోను స్నేహితుడు కనక కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. విషయం విని తల గోక్కున్నాడు. కాయితాల సంగతి ఎలాగో చూసుకోవచ్చు గాని అసలు సంగతి వేరన్నాడు. పార్సిల్ వాను ఇనపపెట్టె. ఎండాకాలం అందులో పంపిన కోడిపిల్లల బుట్టలు ఇక్కడ దింపుతుంటే కొన్నిట్లో చప్పుడే ఉండదు. ఆ బుట్టలు దింపించే పని తనది కాబట్టి తనకి తెలుసన్నాడు.

"వానలు పడేదాకా ఆగలేవేటి వదినా?"

ఆగలేనంది ఎలీసమ్మ. క్వార్టరు తాళాలు ఇచ్చేయాలి.

ఆ ఆదివారం రాధ వచ్చింది. రాధది కరీంనగరు. ఖరగ్‌పూర్ ఇంజనీరింగు ఇన్‌స్టిట్యూట్‌లో రీసెర్చి చేస్తోంది. హాస్టలు మెస్సులో ఆవనూనె కూరలు తినలేక, కిందటేడాది ఖరిదా బజారులో గోంగూర కోసం వెతుకుతుంటే ఎలీసమ్మ కనబడి ఇంటికి తీసుకొచ్చింది. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నం భోజనం ఇక్కడే. ముందుగదిలో ఆ గాజుపెట్టెకి వీపు పెట్టి కూచుని తినేది, చూస్తే అన్నం దిగదని. ఆమె చదివే చదువు కూరగాయలు, పళ్ళు వాడిపోకుండా దూరాలకి ఎలా పంపాలన్నది. ఆ సంగతి ఎలీసమ్మకి ఆవేళే గుర్తొచ్చింది.

"వంకాయలు ఎట్టాగ పంపాలో సదువుతున్నావు కదమ్మా. దీన్ని ఎట్టాగ పంపాలో సెప్పు."

రాధ మొదట నవ్వింది. తర్వాత స్టూలు తిప్పుకుని, మొదటిసారి గాజుపెట్టె వైపు తిరిగి కూచుంది. చాలాసేపు చూసింది. దీన్ని టరాంటులా అంటారని, లైబ్రరీలో పుస్తకం ఉంటుందని చెప్పింది. మర్నాడు ఆ పుస్తకం చదివి, ల్యాబులోంచి మూడు థర్మామీటర్లు అడిగి పట్టుకొచ్చింది.

వాళ్ళిద్దరూ ఆ వారం చేసిన పనికి ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. ఎండపడే వరండాలో మూడు ఖాళీ పెట్టెలు పెట్టారు. ఒకటి మూతకి కన్నాలు కొట్టిన బిస్కెట్ల రేకుడబ్బా. రెండోది థర్మోకోలు పెట్టె. మూడోది ఎండుగడ్డి నింపి చుట్టూ తడిగోనె చుట్టిన వెదురుబుట్ట. మూడింటిలోనూ ఒక్కో థర్మామీటరు. రేకుడబ్బా పదకొండు గంటలకే పెనంలా కాలింది. థర్మోకోలు పెట్టె మధ్యాహ్నం దాకా చల్లగా ఉండి, లోపలికి దూరిన వేడిని సాయంత్రమైనా వదలలేదు. తడిగోనె బుట్ట ఒక్కటే పొద్దుగుంకేదాకా నిలబడింది. అదీ ఎలీసమ్మ మాటిమాటికీ నీళ్ళు చల్లుతుంటేనే.

ఐసు పెడితే సరిపోదా అని ఎలీసమ్మ అడిగింది. ఐసు తగిలితే చలికి చస్తుందని, కరిగితే నీళ్ళలో మునుగుతుందని రాధ చెప్పింది. గాలి ఆడకపోతే చల్లదనం ఉండీ లాభం లేదంది. థర్మామీటర్లు తుడిచి సంచిలో పెట్టుకుంది.

"చిన్నమ్మా, బుట్ట మంచిదే. కానీ గోనె ఆరకుంట చూసెటోళ్ళు పక్కన ఉండాలె. ఒంటిగ పంపితే బతకది."

ఎలీసమ్మ వరండాలో నీళ్ళు ఇంకిపోయిన సిమెంటు మచ్చల్ని చూస్తూ ఉండిపోయింది. ఆమె ఎప్పుడూ ఒంటరిగా రైలెక్కలేదు. గార్డు పెళ్ళానికి పాసులుండేవి. వెళ్ళినప్పుడల్లా సొలొమోను వెంట వెళ్ళింది, అతను ముందు నడిస్తే వెనక నడిచింది.

"నానే ఎల్తాను" అంది.

సాయంత్రం బండి ఎక్కితే తెల్లారేసరికి విశాఖపట్నం. ఆమోసు స్టేషనుకి వస్తాడు. ఎండ ముదిరేలోగా కొండలెక్కే పాసెంజరు ఉంటుంది. చల్లటి వేళల్లోనే ప్రయాణం అయిపోతుందని ఇద్దరూ లెక్క వేసుకున్నారు. పుస్తకంలో చెప్పినట్టు చివరి వారం దొరసానికి తిండి పెట్టలేదు. కడుపు నిండుగా ఉంటే చిన్న కుదుపుకే పొట్ట పగులుతుందట. రాధ ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. పురుగు ముడుచుకుని కూచునే చోటుకంటే కొంచెమే పెద్దది. డబ్బా పెద్దదైతే బండి కుదుపులకి అటూ ఇటూ కొట్టుకుని కాళ్ళు విరుగుతాయంది. వేడిచేసిన సూదితో లోపలినుంచి బయటికి కన్నాలు పొడిచింది, గరుకు అంచులు లోపలి వైపు లేకుండా. అడుగున తడిపి పిండిన మెత్తటి గుడ్డ పరిచారు.

దాన్ని డబ్బాలోకి దింపే పని ఎలీసమ్మది. సొలొమోను పెట్టె శుభ్రం చేసేటప్పుడు ఎన్నోసార్లు చూసింది. డబ్బాని మట్టి మీద వాల్చి, రంగులు వేసే కుంచెతో వెనకకాలుని తాకీ తాకనట్టు తాకింది. దొరసాని ముందుకాళ్ళు రెండూ పైకెత్తి కోరలు చూపించింది. రాధ గోడదాకా వెనక్కి జరిగింది. ఎలీసమ్మ కుంచె పక్కన పెట్టి ఊరికే కూచుంది. చాలాసేపటికి ఆ కాళ్ళు దిగాయి. మళ్ళీ తాకింది. ఈసారి అది తనంతట తానే, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నట్టు, డబ్బాలోకి నడిచింది. మూత బిగించి ఆ డబ్బాని వెదురుబుట్టలో గడ్డి మధ్య పెట్టారు.

లెక్కలన్నీ సరిగానే వేసుకున్నారు గాని బండి రాలేదు. సాయంత్రం వెళ్ళాల్సిన బండి హౌరాలోనే ఆలస్యంగా బయలుదేరిందన్నారు. ఇంకొంతసేపన్నారు, ఇంకా అన్నారు. ఖరగ్‌పూర్ పొడుగాటి ప్లాట్‌ఫారం మీద ఎలీసమ్మ, రాధ బుట్టని మధ్యలో పెట్టుకుని రాత్రంతా కూచున్నారు. తెల్లగా తెల్లారి, టీ కుర్రాళ్ళు మొదటి కేక వేశాక బండి వచ్చింది.

రాధ బుట్ట మీద చెయ్యి వేసి, వెనక్కి పోదామంది. ఈ బండి ఎక్కితే మధ్యాహ్నమంతా దారిలోనే గడుస్తుంది. వద్దనుకున్న ఎండలోకే తీసుకుపోయినట్టవుతుంది.

ఎలీసమ్మ ఆలోచించింది. అప్పటికే రాత్రంతా అది ఆ ఇరుకు డబ్బాలో ఉంది. మళ్ళీ తీసి, మళ్ళీ ఎక్కించి, ఇంకో రోజు ఇంకో బండి కోసం కూచుంటే అదీ ఇంతే ఆలస్యం కాదన్న నమ్మకం ఏమిటి? ముందు నడిచే సొలొమోను ఇప్పుడు లేడు. ఎక్కమని చెప్పినా, వద్దని చెప్పినా అది తనే చెప్పుకోవాలి.

"ఎక్కుతానమ్మా" అంది.

రాధ బుట్ట ఎత్తుకుంది. సామాను లోపల పెట్టింది. తాటాకు విసనకర్ర, రెండు సీసాల నీళ్ళు కిటికీలోంచి అందించింది. బండి కదులుతుంటే పక్కనే నడుస్తూ చెప్పింది. "చిన్నమ్మా, సముద్రం దగ్గరపడ్డకొద్ది గాలిల తేమ ఎక్కువైతది. గప్పుడు తడిగోనె ఒక్కటే పని చెయ్యది. విసరాలె. ఆపకుంట విసరాలె."

బాలాసోరు, భద్రక్ దాటేదాకా బాగానే ఉంది. బండి పరుగులో ఉంటే కిటికీ గాలికి గోనె చల్లగానే ఉంది. ఎలీసమ్మ బుట్టని నీడవైపు సీటు కింద, గాలి తగిలేలా పెట్టుకుంది. కటక్ దగ్గర కుళాయి నీళ్ళతో గోనె తడిపింది. ఎదుటి సీట్లో బరంపురం వెళ్తున్న త్రిపురసుందరి అనే ఆవిడ కూచుంది. బడిలో టీచరట. కూతురి పురిటికి కలకత్తా వెళ్ళి తిరిగి వస్తోంది. మాటల పోగు. బుట్టలో ఏముందని రెండుసార్లు అడిగితే ఎలీసమ్మ మావారి సామాను అని చెప్పి ఊరుకుంది.

చిలకా దగ్గరికి వచ్చేసరికి నడినెత్తిన సూర్యుడు. అక్కడ ఒక చిన్న స్టేషనుకి ముందు బండి ఆగిపోయింది. కాసేపు జనం కూచున్నారు, తర్వాత లేచి దిగడం మొదలుపెట్టారు. ఎండవేడికి ముందు ఎక్కడో పట్టా వంకర తిరిగిందని, బాగుచేసేదాకా బండి కదలదని కబురు పాకింది. ఆగిన బండిలో కాసేపటికి ఫ్యాన్లు నెమ్మదించి నిలిచిపోయాయి. పెట్టె కప్పు మీదినుంచి వేడి తలమీదికి దిగుతోంది.

ఎలీసమ్మ గోనె మీద చెయ్యి పెట్టి చూసింది. తడిగానే ఉంది, కాని చల్లగా లేదు. రాధ చెప్పింది ఇదే. గోనె కింద డబ్బాని తాకితే ఒంటివేడిలా ఉంది. విసనకర్ర తీసి విసరడం మొదలుపెట్టింది. చెమట కళ్ళలోకి కారుతోంది. అక్కడ కూచుంటే లాభం లేదనిపించి బుట్ట ఎత్తుకుని దిగిపోయింది. ఆగిన బండికి ఒకపక్క నీడ ఉంటుందని గార్డు పెళ్ళానికి తెలుసు. పెట్టెల నీడలో, కంకర మీద దుప్పటి పరిచి, బుట్టని మధ్యలో పెట్టి కూచుంది. సరస్సు మీదినుంచి ఉప్పువాసన గాలి అప్పుడప్పుడూ వస్తోంది. గాలి పడిపోయినప్పుడల్లా విసురుతోంది.

త్రిపురసుందరి కూడా దిగి వచ్చి పక్కన కూచుంది. ఇక ఆగలేక, మనిషి చెమటలో తడుస్తూ బుట్టకి విసురుకోవడమేమిటని అడిగింది. ఎలీసమ్మ నిజం చెప్పేసింది. ఆవిడ కాళ్ళు దగ్గరికి లాక్కుంది. దుప్పటి చివరిదాకా జరిగింది. కాని లేచి వెళ్ళలేదు. కాసేపటికి మెల్లిగా అడిగింది, చూడొచ్చా అని. ఎలీసమ్మ గోనె తొలగించి డబ్బా పక్కనుంచి చూపించింది. దొరసాని కాళ్ళు దగ్గరికి ముడుచుకుని కదలకుండా ఉంది. బతికే ఉందా అంటే, ఉందనే అనుకుంటున్నానంది.

"మీ చెయ్యి నొప్పెడుతుంది. ఇటివ్వండి" అని త్రిపురసుందరి విసనకర్ర అందుకుంది.

ఆ మధ్యాహ్నం వాళ్ళు వంతులవారీగా విసిరారు. నీడ జరిగినప్పుడల్లా దుప్పటి జరుపుకున్నారు. తాగేందుకు ఉంచుకున్న నీళ్ళలో ఇద్దరూ ఒక్కో గుక్క తాగి మిగిలింది గోనెకీ, డబ్బాలోని గుడ్డకీ ఇచ్చారు. మాటలు త్రిపురసుందరే మొదలుపెట్టింది గాని తర్వాత చెప్పేది ఎలీసమ్మే అయింది. పట్టా ఎండకి ఎందుకు వంకర తిరుగుతుందో చెప్పింది. పట్టాల మధ్య వేలెడు సందు ఎందుకు ఉంచుతారో చెప్పింది. బండి దారిలో ఆగిపోతే గార్డు జెండా పట్టుకుని వెనక్కి నడిచి, వెనకొచ్చే బండికి తెలిసేలా పట్టాల మీద పటాసులు కడతాడని, అవి చక్రం కింద పేలుతాయని చెప్పింది. ఒకసారి కుండపోత వానలో సొలొమోను అలా నడిచివెళ్తే, తన బండి దీపం కూడా కనబడని చీకట్లో, ఈ లోకంలో తనొక్కడే మిగిలాడేమో అనిపించిందట.

త్రిపురసుందరి విసరడం ఆపి విన్నది.

"మీవారు మీకు అన్నీ చెప్పేవారన్నమాట. అదృష్టవంతులండీ. మా ఆయన ముప్ఫై ఏళ్ళు ఆఫీసుకి వెళ్ళొచ్చారు. అక్కడ ఏం చేసేవారో నాకీ రోజుకీ తెలీదు."

నాకు చెప్పలేదు, దీనికి చెప్పేవాడు అనబోయింది ఎలీసమ్మ. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది.

ముందుగదికీ వంటింటికీ మధ్య గోడ ఉండేది గాని తలుపు ఉండేది కాదు. ఆమె వంటింట్లో ఉన్నప్పుడే అతను స్టూలు వేసుకునేవాడు. ఒకసారి కృపమ్మకి టైఫాయిడ్ వస్తే ఆమె వారం రోజులు ఝపటాపూర్‌లో ఉండిపోయింది. తిరిగి వచ్చిన సాయంత్రం, ఆమె పొయ్యి వెలిగించాక, అతను గాజుపెట్టె ముందు కూచుని ఆ వారంలో జరిగినవన్నీ మొదటినుంచీ చెప్పాడు. అప్పుడు కోపంతో గిన్నెలు ఎత్తెత్తి పెట్టిందే తప్ప ఆలోచించలేదు. పురుగు ఆ వారమంతా అతని దగ్గరే ఉంది. దానికే చెప్పుకునేవాడైతే ఏ రోజు కబురు ఆ రోజే అయిపోయేది.

ఇంకొక రోజు గుర్తొచ్చింది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు, త్రిపురసుందరికీ చెప్పలేదు. పిల్లలు పుట్టలేదని అత్తగారు ఆమెని ఏళ్ళతరబడి దెప్పేది. ఒక సాయంత్రం సొలొమోను రైల్వే ఆసుపత్రికి వెళ్ళి వచ్చాడు. ఎందుకు వెళ్ళాడో చెప్పలేదు. చాలాసేపు ఊరికే కూచుని, అన్నిరోజులకంటే తగ్గు గొంతుతో, కాని ఒక్కో మాటా విడివిడిగా, దొరసానీ లోపం నాదేనట, తనది కాదట, అన్నాడు. వంటింట్లో ఎలీసమ్మ చేతిలో ఉల్లిపాయ ఉంది. కళ్ళ నీళ్ళు దానివల్లే అనుకోవడానికి వీలైంది. ఆ వారంలోనే అతను తల్లిని కూచోబెట్టి ఏదో చెప్పాడు. ఆ తర్వాత అత్తగారు ఆ మాట ఎత్తలేదు. విన్నానని ఎలీసమ్మ అతనికి చెప్పలేదు. పురుగుకి చెప్పుకున్న మాట కదా, తను ఎలా జవాబివ్వగలదు?

జవాబు ఇచ్చి ఉండాల్సింది. గోడకి ఇవతలినుంచి ఒక్కమాటైనా. ఊఁ అనైనా.

"ఏమైందండీ?" అంది త్రిపురసుందరి.

"ఏం లేదమ్మా. సెప్పీవోడు. అన్నీ సెప్పీవోడు" అంది ఎలీసమ్మ. విసనకర్ర తీసుకుని మళ్ళీ విసరడం మొదలుపెట్టింది.

పొద్దు వాలాక ఇంజను కూత వేసింది. జనం పరుగెత్తి ఎక్కారు. బరంపురంలో త్రిపురసుందరి దిగుతూ, తన సీసాలో మిగిలిన నీళ్ళు గోనె మీద తనే చల్లింది.

విశాఖపట్నంలో ఆమోసు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. పొద్దుటినుంచీ అక్కడే కూచున్నాడట. తెల్లజుట్టు, బక్కపలచటి మనిషి. వెయిటింగు హాలులో దీపం కింద డబ్బా మూత కొంచెం తెరిచి చూశారు. దొరసాని కాళ్ళన్నీ పొట్టకిందికి ముడుచుకుపోయి ఉన్నాయి. పిడికిలి మూసినట్టుంది. కుంచె తగిలించినా కదల్లేదు.

ఆమోసు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఎల్లిపోనాదేమో వదినా."

ఎలీసమ్మ డబ్బా మీదికి వంగింది. గుడ్డని తాకి చూసింది. పొడిగా ఉంది. దాహం అయి ఉంటుందనుకుంది. అంతకుమించి చేయగలిగిందేమీ లేదు. గుడ్డని మళ్ళీ తడిపి, మూత పెట్టి, తెల్లవారే వరకు డబ్బాని ఒళ్ళోనే ఉంచుకుంది. పొద్దున కొండల బండి ఎక్కారు. ఒక్కో సొరంగం దాటేసరికి గాలి కొంచెం కొంచెం చల్లబడింది. ఆమోసు పాతరోజుల కబుర్లు చెబుతున్నాడు. ఆమె వింటూ, ఊఁ అంటూ, వేలితో డబ్బా గోడని రాస్తూ కూచుంది.

అరకులో ఆమోసు భార్య దేవమణి గుమ్మంలో ఎదురొచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండా ఎలీసమ్మ ఒక చిన్న మూతలో నీళ్ళు పోసి, నీడగా ఉన్న మూల నేలమీద పెట్టించింది. పురుగుని డబ్బాతోసహా వాల్చి, దాని నోరు నీళ్ళకి ఆనేలా మెల్లిగా జార్చింది. చుట్టూ ముగ్గురూ కూచున్నారు. ఏమీ జరగలేదు. అన్నాలు తిన్నారు. ఏమీ జరగలేదు. ఆమోసు పెరట్లోకి వెళ్ళి పార అందుకున్నాడు. ఎక్కడ పూడ్చాలో చూడ్డానికని ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు.

సాయంత్రం దేవమణి దీపం వెలిగిస్తూ పిలిచింది. ఒక వెనకకాలు చాచి ఉంది. కాసేపటికి ఇంకొకటి. చీకటి పడేసరికి దొరసాని ఎనిమిది కాళ్ళూ నేలకి ఆనించి, నీళ్ళ మీదికి వంగి ఉంది. ఎలీసమ్మ గోడకి చేరగిలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సొలొమోనుని సమాధి చేసిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆమోసు, దేవమణి పక్కన కూచున్నారు.

బయలుదేరే ముందే క్వార్టరు తాళాలు ఇచ్చేసి, సామాను కృపమ్మ ఇంటికి చేర్చేసింది కాబట్టి, రెండురోజులుండి వెళ్దామనుకున్న మనిషి మొదటి వానలు పడేదాకా ఉండిపోయింది. ఆమోసు పాత కిటికీ అద్దాలతో పెట్టె చేశాడు. కొండమట్టి నింపాడు. దొరసాని కొత్త మట్టిలో బొరియ తవ్వుకుంది. మొదటి మిడతని పట్టుకున్న రోజున ఆమోసు వీధిలోకి వెళ్ళి పక్కింటివాళ్ళకి చెప్పి వచ్చాడు.

బయలుదేరే ముందు రోజు దేవమణి భయంభయంగానే పట్టకారుతో మిడతని పట్టుకుని వచ్చి, ఎలా వేయాలో ఇంకోసారి చూపించమంది. ఎలీసమ్మ చూపించింది. చెయ్యి లోపల పెట్టకూడదని, కాళ్ళెత్తితే ఆగిపోవాలని చెప్పింది.

"బావగారు దీంతో మాటాడీవోరంట కదక్కా" అంది దేవమణి. "దీనికి మాటలు ఇనబడతాయేటి?"

"దీనికి ఇనబడవు" అంది ఎలీసమ్మ.

ఇంకా ఏదో చెబుతుందని దేవమణి చూసింది. ఎలీసమ్మ మూత సరిచేసి లేచింది.

ఖరగ్‌పూర్‌లో దిగేసరికి వాన కురుస్తోంది. రాధ గొడుగు వేసుకుని వచ్చింది. ముందు పురుగు సంగతే అడిగింది. ఎలీసమ్మ రిక్షాలో ఆమెకి అంతా చెప్పింది. గోనె ఎక్కడ పనిచేయడం మానిందో, విసిరిన గాలి ఎంతవరకు ఆదుకుందో, ఎక్కడ నీళ్ళు తక్కువయ్యాయో. రాధ మధ్య మధ్య ఆపి అడిగి తెలుసుకుంది. ఝపటాపూర్ ఇంటి ముందు కృపమ్మ తలుపు తీసుకుని నిలబడి ఉంది. మంచం వేసి పెట్టానని, వేడన్నం ఉందని, ఇద్దరూ కాళ్ళు కడుక్కుని రమ్మని అంది. ఎలీసమ్మ తడిసిన చెప్పులు గుమ్మం పక్కన విడిచి, వంటింట్లో చెల్లెలి పక్కన పీట వాల్చుకుని కూచుంది. కృపమ్మ చారు పోస్తూ, ప్రయాణం ఎట్టాగ సాగినాది అప్పా అని అడిగింది.

"సెప్తాను, కూకో" అంది ఎలీసమ్మ.